నా చేత్తో ముంచిన పడవ

శబరి నది మీద తెరచాప కట్టి తిరిగే కొయ్య పడవ కోంట నుంచి ఎగువకు ఇప్పుడు ఒక్కటే ఉంది. అది నాది. గొప్పకు చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, గొప్పకే చెబుతున్నాను. నలభై ఆరేళ్లుగా ఆ పడవ మీద కూలికి వచ్చిన వడ్రంగి చెయ్యి పడలేదు. చెక్క మార్చినా, మేకు దిగ్గొట్టినా, సందు నింపినా, చాపకు మాసిక వేసినా అన్నీ మా ఇంటి చేతులే. నేనూ మా నాన్నా కలిసి దాన్ని కట్టినప్పుడు నాకు ముప్పై నిండలేదు. మరుసటి ఏడు వానాకాలంలో నాన్న పోయాడు. అప్పటినుంచి దాని బాగోగులు నావి.

పొడవు పద్దెనిమిది మూరలు. అడుగూ పక్కలూ టేకు చెక్కలు. ఆ చెక్కల్ని లోపలినుంచి పక్కటెముకల్లా పట్టి ఉంచే వంపు కొయ్యలు నల్లమద్దివి. పడవ ముందు భాగాన్ని అణియం అంటాం, చుక్కాని ఉండే వెనక భాగాన్ని అమరం అంటాం. ఇంతకు మించి పేర్లు చెప్పి ఎవరినీ విసిగించను.

నేను బడికి వెళ్లలేదు. నా చిన్నప్పుడు గోదావరి నుంచి ఉప్పు వేసుకుని పెద్ద పడవలు ఇక్కడిదాకా వచ్చేవి, చింతపండు ఎత్తుకుని వెళ్లేవి. వాటి అణియాల మీద రంగుతో రాసిన పేర్లు చూసి తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. హిందీ అయితే బస్సుల మీది బోర్డులు చూసి వచ్చింది. దోర్లీ, గోండీ ఎవరూ నేర్పక్కర్లేదు, మా రేవులో నిలబడితే అవే వస్తాయి. ఇలా నేర్చుకున్నవాడిని కనుక అచ్చులో కనబడినదల్లా నిజమని నమ్మే అలవాటు నాకు లేదు. ఆ మాట రాసినవాడు ఎప్పుడైనా మోకాలి లోతు నీళ్లలో దిగాడా అని ముందు అడుగుతాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కింద మా రేవుకు అచ్చు వేసిన కాగితం ఒకటి వచ్చింది. మనుషుల్ని దాటించే పడవలన్నింటినీ వానలకు ముందు ఒక సాబ్ వచ్చి చూస్తాడట. పనికొస్తుందని రాసిస్తేనే మనుషుల్ని ఎక్కించాలట. ఇంతవరకు మంచిదే. నదిలో ప్రాణాలు పోవడం నేను చూశాను, పడవల్ని పరీక్షించడం తప్పని నేను అనను. కాని కింద ఇంకో మాట ఉంది: పాత కొయ్య పడవలను మరింత జాగ్రత్తగా చూడవలెను. ఆ 'పాత' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఇంజను పడవ మూడేళ్లకే డొక్కు అవుతుంది, దాన్ని ఎవరూ పాతది అనరు. చెడిపోయింది అంటారు. నా పడవ చెడిపోలేదు కాబట్టి పాతదయింది!

కాగితం రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మనుషులు ఎక్కని పడవ ఒడ్డున ఎండుతుంది. ఎండి పగులుతుంది. పగిలాక ఎవడో ఒకడు చెక్క లాక్కుపోయి పొయ్యిలో పెడతాడు. ఎగువ రేవులో రెండు కొయ్య పడవలు మొదటి ఏడే అలా పోయాయి. వాటి సొంతదార్లు సాబ్ వస్తున్నాడని వినగానే భయపడి చూపించడమే మానేశారు. నేను మొదటి ఏడు చూపించాను, కాగితం తెచ్చుకున్నాను. ఇక్కడ చెప్పేది రెండో ఏటి సంగతి. ఆ ఏడు నా పడవ పోవాల్సింది. నా చేతకానితనం వల్ల కాదు, నా పౌరుషం వల్ల.

ఏటా ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక పడవను ఇసుకలోకి లాగి పక్కకు ఒరిగిస్తాను. మూడు వారాలు ఆరనిస్తాను. తర్వాత ఒక్కో చెక్కనూ సుత్తితో తట్టి వింటాను. ఆరోగ్యంగా ఉన్న చెక్క తిరిగి మాట్లాడుతుంది, పుచ్చిన చెక్క మాట మింగుతుంది. తుప్పు పట్టిన మేకులు లాగి, సంతలో కమ్మరి దగ్గర కొట్టించినవి వేస్తాను. చెక్కల మధ్య సందుల్లో పాత నార గీకి తీసి కొత్త గోగునార పెడతాను. దాని మీద గుగ్గిలం.

గుగ్గిలానికి మా అడవే దుకాణం. దాన్ని పొడి కొట్టి, ఇప్పనూనెలో వేసి, ఇనప మూకుడులో సన్నని మంట మీద కరిగించాలి. పాకం కుదిరిందా లేదా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఒక బొట్టు చన్నీళ్లలో వేసి, తీసి పళ్ల మధ్య పెట్టి కొరకాలి. పెళుసుగా విరిగితే నూనె చాలలేదు. పళ్లకు అంటుకుంటే నూనె ఎక్కువైంది. కొరికినప్పుడు వంగి, వదిలితే మెల్లగా లేచిందంటే దించెయ్యాలి. నా ముందు పళ్లు రెండు ఊడిపోయాక ఈ పరీక్ష దవడ పళ్లతో చేస్తున్నాను. పాకం మాత్రం తప్పలేదు.

నార పెట్టడానికి నాన్న చెప్పిన పద్ధతి ఒకటుంది. బొటనవేలితో నెట్టాలి, సుత్తితో కొట్టకూడదు. ఎండిన పడవకు దాహం ఉంటుంది. నీళ్లలో దిగగానే కొయ్య తాగుతుంది, ఉబ్బుతుంది, తనంతట తనే నారను బిగించుకుంటుంది. మనం ముందే బిగించేస్తే ఉబ్బడానికి చోటుండదు. అందుకే బాగుచేసిన పడవ ఒడ్డున ఉన్నప్పుడు సందుల్లోంచి వెలుతురు కాస్త కనబడాలి. కనబడకపోతే తప్పు. ఈ సంగతి నాకు పదేళ్ల వయసు నుంచి తెలుసు. తెలిసి తెలిసి తప్పు చేశాను.

మా అల్లుడిది కిరందుల్. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గని పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. అల్లుడు వర్క్‌షాపులో మిషన్లు బాగుచేస్తాడు. మంచివాడు, పనిమంతుడు, నోరు మాత్రం ఖాళీగా ఉండదు. ఆ ఎండాకాలం సెలవు పెట్టి వచ్చాడు. నేను సందుల పని ముగించి ఇసుకలో కూర్చున్నాను. అతను పడవ కింద దూరి వెల్లకిలా పడుకుని పైకి చూశాడు.

"మావయ్యా, ఇక్కణ్నించి చూస్తే మీ ఊరంతా కనపడుతోందండీ. అదిగో కోంట కూడా."

"చూసుకో అల్లుడూ. టికెట్ లేదు."

"నవ్వులాట కాదండీ. నీళ్లలో పెడితే బయటి నీళ్లు లోపలికొస్తాయా, లోపలి నీళ్లు బయటికెళ్తాయా? సాబ్ వచ్చి ఇలా పడుకుని చూశాడనుకోండి, ఏం చెప్తారు?"

"దాహమైతే తాగుతది, తాగితే మూసుకుంటది అని చెప్త."

"ఆయన రాస్తాడా ఆ మాట? 'ఈ పడవకి దాహం' అని?"

రేవులో ఉన్నవాళ్లు నవ్వారు. మా ఇంట్లోది కూడా నవ్వింది. ఆమె నవ్వకుండా ఉంటే బాగుండేది. అల్లుడు అన్నదాంట్లో తప్పేమీ లేదని ఇప్పుడు రాస్తున్నాను కాని అప్పుడు నా ఒళ్లు మండింది. సాబ్ నిజంగానే పడవ కింద పడుకుని వెలుతురు చూసి పనికిరాదని కొట్టేస్తే? నా పడవలో సూది మొన పట్టే సందు లేదని వీళ్లందరికీ చూపించాలనిపించింది. మర్నాడు పొద్దున్నే ఉలి, కొయ్య సుత్తి పట్టుకున్నాను. నార మీద నార వేసి, ప్రతి సందులోనూ రెండు వరసలు కొట్టాను. నాలుగు రోజులు కొట్టాను. ఐదో రోజు అల్లుణ్ని పిలిచి, పడవ కింద పడుకోబెట్టి అడిగాను.

"ఇప్పుడు చూడు. ఏం కనబడుతున్నది?"

"ఏమీ లేదండీ. చీకటి."

ఆ ఒక్క మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పను. పాకం పూసి, అడుగున దుంగలు పెట్టి దొర్లించి, పడవను నీళ్లలోకి దించాం. చుక్క నీరు రాలేదు. ఆ రోజంతా రేవులో మీసం దువ్వుకుంటూ తిరిగాను.

రెండో రోజు మధ్యాహ్నం. ఇంట్లో అన్నం కలుపుకుంటున్నాను. రేవు వైపు నుంచి ఠాప్ అని చప్పుడు. మా వైపు అలాంటి చప్పుడు వింటే జనం ఏం చేస్తారో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రేవులో ఉన్నవాళ్లంతా ఇసుకలో బోర్లా పడ్డారు. బుట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాసేపటికి ఒకరొకరే తలలెత్తి చూస్తే ఎవరూ ఎవరినీ కాల్చలేదు. నా పడవ అమరం దగ్గర ఒక చెక్క మేకుల్ని పీక్కుని బయటికి లేచింది. నేను వెళ్లేసరికి పడవ సగం నిండింది. లోపల వంపు కొయ్య ఒకటి నిలువునా చీలిపోయి ఉంది.

కొయ్య తాగింది. ఉబ్బింది. చోటు లేదు. ఉన్నచోటు నేను సుత్తితో మూసేశాను. మరి ఎటు పోతుంది? బయటికే.

మా ఊళ్లో నా ఈడు దోర్ల తెగ మిత్రుడు ఒకడున్నాడు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు, చుట్టరికం ఏమిటని అడిగితే ఇద్దరికీ తెలియదు. అతను ఇసుక దులుపుకుంటూ వచ్చి పడవను చూశాడు.

"బావా, డెబ్బై ఏండ్లల్ల నన్ను పోలీసోళ్లు పండబెట్టలే, అడవి లోపలోళ్లు పండబెట్టలే. నీ పడవ పండబెట్టింది."

నవ్వలేకపోయాను. అల్లుడు పరుగెత్తుకొచ్చి నీళ్లలో దిగి చీలిక మీద చెయ్యి పెట్టాడు. అతని మొహం నల్లబడింది.

"నేనేదో సరదాకి అన్నానండీ మావయ్యా."

"నువ్వు అన్నవ్. సుత్తి పట్టింది నేను," అన్నాను.

సాబ్ రావడానికి పన్నెండు రోజులుంది. మృగశిర కార్తె ముందు సోమవారం వస్తానని కబురు పెట్టాడు. ఆ రోజు పడవ నీళ్ల మీద నిలబడకపోతే మరుసటి ఏడు దాకా కాగితం లేదు. నా వయసులో మరుసటి ఏడు అన్న మాటను నమ్ముకుని ఎవరూ కూర్చోరు.

నలుగురైదుగురు కలిసి పడవను మళ్లీ ఒడ్డుకు లాగారు. నేను నాలుగు రోజులు కొట్టిన నారను తీయడానికి మూడు రోజులు పట్టింది. ఎంత గట్టిగా కొట్టానంటే కొన్నిచోట్ల ఉలి కూడా దిగలేదు. నా తప్పును నేనే అంగుళం అంగుళం గోళ్లతో పీక్కున్నట్టు ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదు.

తర్వాత వంపు కొయ్య. అల్లుడు ఇనుప యాంగిల్ వంచి తెస్తానన్నాడు.

"వద్దు అల్లుడూ. చెక్క తాగుతది, ఇనుము తాగదు. ఒకే మంచంల తాగుబోతును, తాగనోణ్ని పండబెడితే ఎట్ల ఉంటదో అట్ల ఉంటది."

ఆ పక్క నుంచి మా ఇంట్లోది అంది, "ఎట్ల ఉంటదో నన్నడుగు అల్లుడూ, నలభై ఐదేండ్లు పండుకున్న."

వంపు కొయ్యను తిన్నని మొద్దు నుంచి కోసి వంపు చెయ్యకూడదు. కోస్తే కొయ్య పొడవునా పోయే ఈనె తెగుతుంది, మొదటి బరువుకే విరుగుతుంది. చెట్టులోనే అలా వంగి పెరిగిన కొమ్మ కావాలి. ఆ కొమ్మ కోసం నేనూ బావా రెండు రోజులు గట్లన్నీ తిరిగాం. చివరికి అతని చేను మూలనే దొరికింది. కిందటి గాలివానకు పడిన నల్లమద్ది కొమ్మ. చీలిపోయిన కొయ్యను దాని మీద పెట్టి చూస్తే ఇంచుమించు సరిపోయింది. చెట్టు ఆ వంపు తిరగడానికి ముప్పై ఏళ్లు పట్టి ఉంటుంది. నాకు చెక్కడానికి మూడు రోజులు పట్టింది.

చెక్కడంలో కష్టం అతుకు దగ్గర. కొత్త కొయ్య పడవ పక్కలకు ఎక్కడా సందు లేకుండా ఆనాలి. కంటికి ఆనినట్టే ఉంటుంది, లోపల ఆనదు. దానికి నేను చేసే పని ఇది: వంటింట్లో కుండల అడుగున ఉన్న మసి గీకి, ఇప్పనూనెలో కలిపి పడవ లోపల పూస్తాను. కొయ్యను అక్కడ నొక్కి తీస్తాను. మసి అంటిన చోట కొయ్య ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ బాడిసతో ఒక్క పొర లేపుతాను. మళ్లీ నొక్కుతాను. మళ్లీ లేపుతాను. కొయ్య పొడవునా ఒకే తీరుగా మసి అంటేదాకా ఇదే. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మూడో రోజు సాయంత్రం అల్లుడు ఆ మసి గుర్తు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు రాసి చూశాడు.

"మా షాపులో దీనికి నీలం రంగు వాడతామండీ," అన్నాడు. "బేరింగులకి. నాకు రెండేళ్లు నేర్పారు. మీకెవరు నేర్పారు?"

"మా నాయన. ఆయన దగ్గర నీలం రంగు లేకుండె."

ఈ లోపల అతను కిరందుల్ వెళ్లి దుకాణంలో కొని తెచ్చిన జింకు పూత బోల్టులు ఎనిమిది నా ముందు పెట్టాడు. నేను వాటిని తిప్పి చూశాను, కొరికి చూశాను. మంచివి. మంచిదాన్ని మంచిదనడానికి నాకు భయం లేదు. లేచిన చెక్కను మళ్లీ దాని చోట పెట్టి, మేకులు మానేసి ఆ బోల్టులతోనే కొత్త కొయ్యకు బిగించాను. వాటి తలల కింద నార చుట్టింది మాత్రం నేనే.

చాప పని మా ఇంట్లోది చూసింది. అది ముతక నూలు గుడ్డ. మద్ది బెరడు ఉడికించిన రసంలో ముంచి ఎండబెడతాం, గోధుమ ఎరుపు తిరుగుతుంది, బూజు పట్టదు. ఇప్పుడు నీలం టార్పాలిన్ దొరుకుతుంది కదా అని అందరూ అంటారు. టార్పాలిన్ గాలిని పట్టుకోదు, గాలితో పోట్లాడుతుంది. ఫటఫటమని ఆ చప్పుడు వింటే నాకు తలనొప్పి. ఆమె ఆ వారం చాపకు పదకొండు మాసికలు వేసింది.

సందుల్లో నార మళ్లీ పెట్టాను. ఈసారి బొటనవేలితో. వెలుతురు కనబడింది. కనబడనిచ్చాను. పాకం పూశాను. పదో రోజు పొద్దున్న పడవను నీళ్లలోకి దించి, నేనూ బావా కలిసి దాన్ని ముంచేశాం.

ముంచడం అంటే ఇది మా పద్ధతి. ఎండలో ఎక్కువ రోజులున్న పడవను బాగుచేశాక ముందు నీళ్లలో పూర్తిగా ముంచాలి. రొమ్ము లోతులో రాళ్లు నింపి అడుక్కి కూర్చోబెట్టి, తాడు కట్టి వదిలేస్తాం. మూడు రోజులు లోపలా బయటా సమంగా తాగుతుంది. చెక్కకు చెక్క దగ్గరవుతుంది. తర్వాత రాళ్లు తీసి లేపితే అదే తేలుతుంది. ఏటా మూడు వారాలే ఆరేది కాబట్టి ఈ అవసరం పడేది కాదు. ఆ ఏడు రెండుసార్లు ఎండింది, పైగా కొత్త కొయ్య. ముంచక తప్పలేదు. శుక్రవారం ముంచితే సోమవారానికి లేపొచ్చని నా లెక్క.

సాబ్ శనివారం సాయంత్రం వచ్చాడు.

మోటారుసైకిలు మీద, మోకాళ్ల దాకా బురదతో, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫైలుతో. పైన వాన పడిందట, సోమవారానికి దారి తెగుతుందని ముందే బయల్దేరాడట. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. కోంట సంతలో నేర్చుకున్న తెలుగు అతనిది. రేవులో నేనూ బావా కూర్చుని ఉన్నాం.

"దాదా, నావ ఏది?"

"ఇదిగో సాబ్," అని చేతిలో ఉన్న తాడు చూపించాను.

అతను తాడు వెంట చూశాడు. తాడు నీళ్లలోకి పోయింది. నీళ్లను చూశాడు. నన్ను చూశాడు.

"డూబ్ గయా?"

"మునగలే సాబ్. ముంచినం."

"ఎవరు ముంచిండ్రు? ఠాణాల రిపోర్ట్ ఇచ్చినవా?"

"నేనే ముంచిన."

"ఆయనే ముంచిండు సాబ్," అన్నాడు బావ. "నేను రాళ్లందించిన. రాస్తే ఇద్దర్నీ రాసుకో."

సాబ్‌కు నవ్వు రాలేదు. రాయి మీద కూర్చుని ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా నిలబడి తలకిందులుగా ఉన్న హిందీ చదివాను. 'జలమగ్న్' అని రాశాడు. మునిగినది. పక్కన ఇంకో మాట రాయబోతున్నాడు. ఆ మాట 'పనికిరాదు' అని నాకు తెలుసు.

"ఆగండి సాబ్. ఇంకొక్క అక్షరం రాస్తే మీరు చూడనిది రాసినట్టయితది."

"దాదా, నా కండ్ల ముందే మునిగి ఉంది కదా?"

"బట్టలు నానబెడితే చిరిగినయని రాస్తరా? నలభై ఆరేండ్ల పడవ. దాని అడుగున ఏ మేకు ఎక్కడుందో కండ్లు మూసుకుని చెప్త. పాతదని మీ కాగితంల రాసిండ్రు. పాతదానికి ఏం కావాల్నో మీ కాగితంల ఎవరన్న రాసిండ్రా? సోమవారం వస్తనన్నరు. సోమవారం రాండ్రి, ఎక్కి చూడండ్రి."

"సోమవారం దారి ఉండదు. ఇయ్యాల్నే కావాలె. రేపు పొద్దున ఇంకో రేవుకు పోవాలె."

అతనిదీ నిజమే. మొండితనం కాదు, దారి సంగతి. నేను బావ వైపు చూశాను. ముంచి రెండు రోజులు కూడా నిండలేదు. మూడు రోజులు తాగాల్సిన కొయ్య. ఇప్పుడు లేపితే ఎక్కడో ఒకచోట కారుతుంది. లేపకపోతే ఆ రెండో మాట పడుతుంది. జీవితంలో నేను ఎవరి ముందూ చేతులు జోడించి బతిమాలింది లేదు, ఆ రోజు కూడా బతిమాలలేదు. పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగాను.

బావ, అల్లుడు, రేవులో ఉన్న ఇంకో ఇద్దరు దిగారు. రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కకు వేశాం. సగం రాళ్లు తీసేసరికి పడవ అడుగు నుంచి కదిలింది. అణియం ముందు లేచింది, తర్వాత అమరం. అంచు నీళ్ల పైకి రాగానే బిందెలతో తోడాం. సాబ్ ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి అతను చెప్పులు విప్పడం కూడా చూశాను.

అడుగున రెండు వేళ్ల నీళ్లు మిగిలాయి. అల్లుడు ఒక పుల్ల విరిచి, ఆ నీళ్లలో నిలబెట్టి, నీటి మట్టం దగ్గర గోటితో గాటు పెట్టి సాబ్‌కు ఇచ్చాడు. "ఇది మీరే పట్టుకోండి సార్. గంట తర్వాత మీరే ముంచి చూడండి."

"ఖాళీ నావ చూసి లాభం లేదు," అన్నాడు సాబ్. "మనుషులు కావాలె."

నేను ఎవరినీ అడగలేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎవరినీ అడగలేదు. అవతలి ఒడ్డు ఒరిస్సా. అటు పోవలసినవాళ్లు పొద్దుటినుంచి ఇంజను పడవ కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లే లేచి వచ్చి, పడవ అంచు పట్టుకుని ఎక్కారు. తడి చెక్కల మీదే కూర్చున్నారు. బుట్ట నెత్తిన ఉన్న ఒక ముసలావిడను సాబ్ ఆపి, భయం లేదా అని అడిగాడు.

"దేనికి బయం? నేను కాపురానికొచ్చింది దీంట్లనే," అంది ఆమె. "నువ్వు ఎక్కుతవా, అడ్డం నిలబడ్తవా?"

సాబ్ ఎక్కాడు.

చాప ఎత్తాను. ఆ కాలంలో సాయంత్రం దిగువ నుంచి ఎగువకు గాలి తిరుగుతుంది. చాప ఒక్క చప్పుడు లేకుండా నిండింది. చుక్కాని నా చేతిలో ఉంది, కళ్లు మాత్రం కొత్త కొయ్య దగ్గర ఉన్నాయి. అక్కడ చెక్క సందులో తడి మెరిసింది. ఒక బొట్టు పేరుకుని జారింది. ఇంకొకటి. అల్లుడూ చూశాడు. నా వైపు చూశాడు. నది మధ్యకు వచ్చేసరికి బొట్లు ఆగి ఆగి రాసాగాయి. అవతలి ఒడ్డు తగిలాక, దిగేవాళ్లను దిగవద్దని సాబ్ కూర్చోబెట్టి, మళ్లీ ఇవతలికి తిప్పమన్నాడు. ఎవరూ గొణగలేదు. ఎగువకు ఒక పట్టు, దిగువకు ఒక పట్టు తిప్పాను. గంట పైనే అయింది. ఆ సందు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే తడి ఉంది, బొట్టు లేదు.

సాబ్ పుల్ల ముంచాడు. గాటు దగ్గర వేలు పెట్టాడు. వడ్లగింజ మందం పెరిగింది, అంతే. తన చేతి మీద నీళ్లు అంచుకు తుడుచుకుని, పడవ లోపల పొడవునా ఒకసారి చెయ్యి రాస్తూ వెళ్లాడు. కొత్త కొయ్య దగ్గర ఆగి, ఇది ఎవరు చేశారని అడిగాడు. బోల్టులు అల్లుడివి, మిగిలింది నేను అన్నాను.

అటు పోయేవాళ్లను అవతల దించి ఇవతలి ఒడ్డుకు వచ్చాక ఫైలు తెరిచాడు. 'జలమగ్న్' అన్న మాట కొట్టెయ్యమన్నాను. రాసింది కొట్టెయ్యకూడదట, కొట్టేస్తే పైన అడుగుతారట. కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, దాని పక్కనే రాశాడు. నేను మళ్లీ తలకిందులుగా చదివాను. 'మరమ్మతు కొరకు యజమాని స్వయంగా ముంచెను. లేపి చూడగా యోగ్యము.' అదే హిందీలో. నాకు తెలిసినంతలో ఇలాంటి కాగితం ఈ నది మీద ఇంకెవరికీ లేదు.

అయితే ఒక అన్యాయం చేశాడు. ఎంతమందిని ఎక్కించవచ్చు అన్న చోట పన్నెండు అని రాశాడు. నా పడవ పదహారు మందిని మోస్తుంది, బుట్టలతో సహా. పన్నెండు ఎలా వచ్చిందంటే, ఆ సాయంత్రం రేవులో అంతమందే ఉన్నారు. ఇరవై మంది ఉంటే ఇరవై అని రాసేవాడు. దాని మీద అతనితో చీకటి పడేదాకా వాదించాను. అతను టీ తాగాడు, విన్నాడు, మార్చలేదు.

సోమవారం సంత. దారి అతను చెప్పినట్టే తెగింది, జనమంతా రేవుకే వచ్చారు. పన్నెండు మంది ఎక్కగానే చెయ్యి అడ్డం పెట్టాను. పదమూడో మనిషి మా ఇంట్లోది, చేతిలో కోడిపెట్ట.

"ఏందయ్యా, జరుగు."

"పన్నెండే. వచ్చే తిరుగుట్ల ఎక్కు."

"నాకు చెప్తున్నవా?"

"కాగితం చెప్తున్నది."

ఆ కాగితాన్ని నేను లక్ష తిట్లు తిట్టాను. ఇప్పటికీ తిడతాను. కాని దాని మీద నా పడవ యోగ్యమని ఉంది, ఆ మాట నాకు కావాలి కనుక పక్కనున్న పన్నెండు కూడా నాదే. చాప ఎత్తాను. గాలి అందుకుంది. ఒడ్డున ఆమె ఇసుకలో నిలబడి నన్నూ, సాబ్‌నూ, కోడినీ కలిపి తిడుతోంది. నది సగం దాటినా ప్రతి మాటా స్పష్టంగా వినబడింది, ఎందుకంటే నా పడవ చప్పుడు చెయ్యదు.